దుప్పటి చొక్కా అయ్యేదాకా

మన ఇళ్లలో గుడ్డకు ఒక మెట్ల వరస ఉంది. పండక్కి కొన్న చీర కొన్నాళ్లు పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరుగుతుంది. రంగు దిగాక ఇంట్లో కట్టుకునే చీర అవుతుంది. అంచు చిరిగాక పసిపిల్లకు ఉయ్యాల అవుతుంది, లేదంటే మరో నాలుగు పాత చీరలతో కలిసి బొంత అవుతుంది. బొంత పీలికలైతే పొయ్యి దగ్గర మసిగుడ్డగానో, గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే గుడ్డగానో మిగులుతుంది. ప్రతి మెట్టూ కిందికే: ఒంటి మీద నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి నేల మీదికి.

ఈ వరసకు ఎదురు నడిచే గుడ్డలూ ఉన్నాయి. మంచం మీది దుప్పటి చొక్కా అవుతుంది. కిటికీకి వేలాడిన తెర గౌను అవుతుంది. దిండు గలీబు పసిదాని జుబ్బా అవుతుంది, పిండి సంచి పండగ లంగా అవుతుంది. ఇంటి సామానుగా కొన్న గుడ్డ మనిషి ఒంటి మీదికి ఎక్కడమంటే మెట్టు పైకి రావడం. అలా ఎందుకు ఎక్కింది, ఎవరు ఎక్కించారు, ఎక్కాక అక్కడ నిలిచిందా అన్నవే ఈ వ్యాసంలో చూడదలచిన సంగతులు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పనిని కొందరు పొదుపుగా చూస్తారు, కొందరు పర్యావరణ సేవగా చూస్తారు, కొందరు పేదరికంగా చూస్తారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే పాత గుడ్డ మంచి బట్టగా నిలబడిన ప్రతిచోటా నాకు కనిపించేది ఒక నేర్పు. ఆ గుడ్డలో ఇంకా ఎంత ప్రాణం ఉంది, అది ఎక్కడ ఉంది అని చూసి చెప్పగల కన్ను. ఇప్పుడు మన ఇళ్లలో గుడ్డకు కొదవ లేదు. తగ్గిపోయింది ఆ కన్ను.

కిందికి దిగే దారి

గుడ్డ దిగే మెట్లను వరసగా చెప్పిన పాత కథ ఒకటి బౌద్ధ వినయ పిటకంలో, చుల్లవగ్గంలో ఉంది. ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి 500 వస్త్రాలు దానం చేస్తారు. సన్యాసికి ఇన్ని బట్టలెందుకని రాజుకు అనుమానం వస్తుంది. వెళ్లి అడుగుతాడు. చీవరాలు, అంటే కట్టుకునే వస్త్రాలు, చిరిగిన భిక్షువులకు పంచుతానంటాడు ఆనందుడు. మరి పాత చీవరాలు? పక్క మీద పరుస్తాం. పాత పక్క గుడ్డలు? పరుపులకు గలీబులు చేస్తాం. ఆ తరవాత నేల మీద పరుస్తాం, ఆ తరవాత కాళ్లు తుడుచుకుంటాం, ఆ తరవాత దుమ్ము దులుపుతాం. చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు సంతోషించి మరో 500 వస్త్రాలు ఇచ్చాడని కథ.

అదే వినయంలో ఎదురు దారి కూడా ఉంది. జనం పారేసిన గుడ్డలను ఏరి, ఉతికి, అతికి కట్టుకునే వస్త్రం పాంసుకూలం. మగధలో గట్లు వేసిన వరిమళ్లను చూపించి, ఆ పొందికలో చీవరం కుట్టగలవా అని బుద్ధుడు అడిగితే, ఆనందుడు ముక్కలను మళ్లలాగా పేర్చి కుట్టాడట. భిక్షువుల చీవరాల మీద ఇప్పటికీ కనిపించే గళ్ల కుట్లు అవే. పారేసిన పీలికను ఒంటి మీదికి తెచ్చినవాళ్లు దానికి ఒక కొలత, ఒక పొందిక ఇచ్చారు. గౌరవం ఆ పొందికతోనే వచ్చింది.

మన దేశంలో ఎక్కువ ప్రాంతాలు బాగా పెంచుకున్నది దిగే దారినే. బెంగాలులో కాంథా, బీహారులో సుజని, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కన్నడ సిద్దీల కవంది, మన బొంత అన్నీ ఒంటి మీది గుడ్డ పక్క మీదికి చేరిన రూపాలే. కాంథా కుట్టే ఆడవాళ్లు కుట్టుదారం కూడా పాత చీర అంచుల నుంచే లాగేవారు. ఎక్కే దారి మనకు ముఖ్యంగా పసిపిల్లల దగ్గర కనిపిస్తుంది. పురిటి బిడ్డ ఒంటికి కొత్త గుడ్డ గరుకని, తాతగారి పాత పంచెనో అమ్మమ్మ నేతచీరనో చింపి పొత్తిగుడ్డలు చేస్తారు, జుబ్బాలు కుడతారు. వందసార్లు ఉతికిన నూలుగుడ్డలో గంజి ఉండదు, గరుకు ఉండదు, రంగు దిగే భయం ఉండదు. పాతది కావడమే అక్కడ దాని అర్హత.

లోటు ఎక్కించిన మెట్టు

ఇంటి గుడ్డలు పెద్ద ఎత్తున ఒంటి మీదికి ఎక్కింది యుద్ధకాలాల్లో. 1914లో బెల్జియం జర్మనీ ఆక్రమణలో ఉన్నప్పుడు అమెరికా నుంచి సహాయంగా వచ్చిన గోధుమపిండి నూలు సంచుల్లో వచ్చింది. మందుగుండు తయారీకి నూలు పనికొస్తుంది కాబట్టి ఖాళీ సంచులు జర్మన్ల చేతికి చిక్కకుండా సహాయ సంఘం లెక్క పెట్టి చూసుకునేది. ఆ సంచులు కుట్టుపని కేంద్రాలకు చేరి పిల్లల గౌన్లు, చొక్కాలు అయ్యాయి. కొన్నిటి మీద ఆడవాళ్లు మిల్లుల ముద్రల మీద దారంతో పూలు అల్లి, కృతజ్ఞతగా తిరిగి అమెరికాకు పంపారు. అలాంటివి అయోవా రాష్ట్రంలోని హెర్బర్ట్ హూవర్ గ్రంథాలయంలో పెద్ద సంఖ్యలో భద్రంగా ఉన్నాయి.

బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టల రేషను మొదలై 1949 మార్చిదాకా సాగింది. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు. ఒక్క ఉన్ని గౌనుకే 11 కూపన్లు పోయేవి. విమానదాడుల భయంతో కిటికీలకు కట్టే నల్లటి గుడ్డకు మాత్రం కూపను అక్కరలేదు. దాంతో ఆ తెరగుడ్డ లంగాలుగా, గౌన్లుగా మారింది. 1943లో ప్రభుత్వమే ‘మేక్ డూ అండ్ మెండ్’ అనే చిన్న పుస్తకం వేసి, ఉన్నదాన్ని సరిచేసుకునే పద్ధతులు నేర్పింది. అంతకుముందు నుంచీ అక్కడి ఇళ్లలో ఒక అలవాటు ఉండేది. దుప్పటి నడిమి భాగం పలచబడితే నిలువునా మధ్యకు చింపి, గట్టిగా ఉన్న అంచులను నడిమికి తెచ్చి కుట్టేవారు. పాత గుడ్డ గురించి తెలుసుకోవలసిన మొదటి పాఠం అందులో ఉంది: గుడ్డ అంతా ఒకేసారి పాతబడదు.

అదే కాలంలో మన దేశంలో కూడా బట్టకు కటకట వచ్చింది. సైన్యానికి గుడ్డ తరలిపోవడం, ధరలు పెరగడం చూసి 1943లో ప్రభుత్వం నూలు, బట్టల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ఇక్కడ మాత్రం ఒక తేడా ఉంది. బ్రిటన్‌లో చింపడానికి తెరలు ఉన్నాయి. మన పల్లెల్లో కూలి కుటుంబాలకు కిటికీ తెరలేవి, రెండో దుప్పటి ఏది? పగలు కట్టిన పంచే రాత్రి కప్పుకునే దుప్పటి అయిన ఇళ్లలో ఈ మెట్ల వరసకే చోటు లేదు. పాత గుడ్డల పొదుపు గురించి ముచ్చటగా మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. పాతదాన్ని మార్చుకోవాలంటే ముందు పాతదంటూ ఒకటి ఉండాలి.

జపాన్ ఈశాన్యంలోని తోహోకు ప్రాంతపు లేమి మనకు బాగా అర్థమవుతుంది. ఆ చలికి అక్కడ పత్తి పండదు. దక్షిణం నుంచి ఓడల్లో వచ్చిన పాత నూలు పీలికలే రైతులకు అందేవి. వాటిని నార బట్టల మీద పొరలు పొరలుగా అతికి, సన్నని వరస కుట్లతో బిగించి, తొడుక్కునేవీ కప్పుకునేవీ చేసేవారు. వాటినే ‘బోరో’ అంటారు. దశాబ్దాల పాటు అవి పేదరికపు గుర్తులుగా మూలన పడి ఉన్నాయి. చుజాబురో తనాకా వంటి సేకరణకర్తలు అవోమోరి పల్లెల్లో తిరిగి వాటిని పోగుచేశాక, ఇప్పుడు మ్యూజియంలలో అద్దాల వెనక కనిపిస్తున్నాయి.

నెదర్లాండ్స్‌లో యుద్ధం ముగిశాక పుట్టిన ‘ఫేస్ట్‌రాక్’, అంటే పండగ లంగా, మరో రకం. ప్రతిఘటన ఉద్యమంలో పనిచేసి జైలుకెళ్లిన మీస్ బోయిసెవాన్ వాన్ లెనెప్‌కు జైల్లో ఉండగా ఒక మెడగుడ్డ అందింది. అది అయినవాళ్ల బట్టల ముక్కలతో కుట్టినది. ఆ జ్ఞాపకంతో ఆమె దేశంలోని ఆడవాళ్లందరినీ తమ ఇళ్లలోని పాత ముక్కలతో లంగాలు కుట్టుకోమంది. అంచున విముక్తి దినం తేదీ కుట్టుకోవాలి. లోటులో నుంచి వచ్చిన అతుకును ఆమె ఉత్సవంగా మార్చింది.

పిండి సంచి నేర్పిన వ్యాపారం

ఇక అమెరికా పిండి సంచుల కథ. ఈ విషయమంతటిలో ఎక్కువసేపు ఆగి చూడవలసింది ఇదే. కుట్టుమిషన్లు వచ్చి సంచి మూతిని గట్టిగా కుట్టగలిగాక, 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో పిండి, పంచదార, దాణా చెక్క పీపాల నుంచి నూలు సంచుల్లోకి మారాయి. పొలాల్లో ఉండే ఇల్లాళ్లు ఆ సంచిని పారేయలేదు. మూతి కుట్టులో సరైన కొస పట్టుకుని లాగితే దారం సర్రున మొత్తం ఊడి వచ్చేది. మన బియ్యం బస్తా మూతి విప్పినట్టే. ఆ దారం కూడా ఉండకు చుట్టి దాచుకునేవారు. సంచిని విప్పి పరిస్తే 100 పౌన్ల దాణా సంచి సుమారు 36 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడవు వచ్చేది. పెద్దవాళ్ల గౌనుకు అలాంటివి మూడు చాలు.

చిక్కల్లా ముద్రతోనే. మిల్లు పేరు, బరువు, బొమ్మ ముదురు సిరాతో అచ్చు వేసేవారు. దాన్ని వదిలించడానికి కొవ్వు రాసి, కిరసనాయిలు పూసి, రాత్రంతా నానబెట్టి ఉతికేవారు. అయినా కొన్ని అక్షరాలు లోబట్టల మీద మిగిలేవి. వ్యాపారులు ఇది గమనించారు. 1924లో ఆసా బేల్స్ అనే ఆయన గళ్ల గుడ్డతో సంచి చేసే ఆలోచనకు పేటెంటు తీసుకుని, మిస్సోరీలోని ఒక పిండి మిల్లుకు ఇచ్చాడు. అక్కడ మొదలై పూలు, చుక్కలు, పిల్లల బొమ్మలు అచ్చు వేసిన సంచులు మార్కెట్లోకి వచ్చాయి. ముద్ర బదులు నీళ్లలో ఊడిపోయే కాగితం చీటీ అతికించారు. ఏ పిండి కొనాలో సంచి మీది పువ్వు నిర్ణయించే రోజు వచ్చింది. దాణా కొనడానికి వెళ్లే భర్త చేతికి భార్య ఒక ముక్క ఇచ్చి పంపేది, అదే రకం ఇంకో రెండు తెమ్మని.

1930ల ఆర్థిక మాంద్యంలో, ఆ తరవాత యుద్ధంలో ఈ సంచులు కుటుంబాలను ఆదుకున్నాయి. 1940ల తొలినాళ్లలో సుమారు 30 లక్షల మంది ఆడవాళ్లు, పిల్లలు కనీసం ఒక సంచి బట్టయినా తొడిగేవారని అంచనా. సంచులతో ఏమేం కుట్టవచ్చో చూపే చిన్న పుస్తకాలు వచ్చాయి, పోటీలు జరిగాయి. పోటీ కోసం 1959లో ఒక కాన్సస్ గృహిణి కుట్టిన సంచిగుడ్డ గౌను ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. కాగితం సంచులు చవకగా రావడంతో 1960లకల్లా ఆ కాలం ముగిసింది.

ఈ కథలో రెండు సంగతులు నన్ను ఆపుతాయి. సంచి ఒంటి మీదికి ఎక్కగలిగింది దాన్ని చేసేవాడు ఎక్కడానికి వీలుగా చేసినందువల్లనే. గుడ్డ మంచిది, కుట్టు సులువుగా ఊడేది, చీటీ నీళ్లలో వదిలేది. రెండో జన్మ ఉండాలంటే మొదటి జన్మలోనే దానికి చోటు పెట్టాలి. ఇవాళ మన బియ్యం ప్లాస్టిక్ అల్లిక సంచుల్లో వస్తుంది. చాలా దుప్పట్లు పాలిస్టర్ కలిపినవి. వాటిని పైకెక్కించాలని ఎంత మనసున్నా గుడ్డే సహకరించదు. రెండో సంగతి, పూల సంచి వచ్చాక అవమానం తగ్గింది. సంచి గౌను సంచి గౌనులా కనిపించకపోవడమే దాని గెలుపు.

సిగ్గు ఎక్కడ ఉంది

మన భాషలో ‘అతుకుల బొంత’ అనేది తిట్టు. పొంతన లేని ప్రభుత్వాన్ని అలా అంటాం, పొసగని కథను అలా అంటాం. గుడ్డ మెట్లు ఎక్కడంలో ఉన్న ముల్లు ఈ మాటలో ఉంది. ఇంటి గుడ్డ ఒంటి మీద కనిపిస్తే చూసేవాళ్లకు ముందు తట్టేది ‘వీళ్లకు కొనుక్కునే స్తోమత లేదు’ అన్న మాటే.

ఈ ముల్లును పట్టుకున్న రెండు ప్రసిద్ధ కథలున్నాయి. మార్గరెట్ మిచెల్ 1936లో ప్రచురించిన ‘గాన్ విత్ ద విండ్’ నవలలో స్కార్లెట్ పొలం పన్ను కట్టే డబ్బు కోసం, ఇంట్లో మిగిలిన ఆకుపచ్చ మఖ్మలు తెరలు దింపి గౌను కుట్టించుకుని వెళ్తుంది. గౌను ఆమెను కాపాడుతుంది. గుట్టు బయటపెట్టేది పొలం పనితో కాయలు కాచిన ఆమె అరచేతులు. 1965 నాటి ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సినిమాలో మరియా పాత తెరలతో పిల్లలకు ఆటబట్టలు కుడుతుంది. పిల్లలు సంతోషంగా ఊరంతా తిరుగుతారు. తండ్రికి మాత్రం అది పరువు సమస్య. గుడ్డ ఒకటే, తొడిగిన పిల్లలు వాళ్లే. చూసే చోటును బట్టి అది ఆటబట్ట అవుతుంది, అవమానమూ అవుతుంది.

నాకు ఈ సంగతి ఆరో తరగతిలో తెలిసింది. మా అమ్మ నీలం గళ్ల నేత దుప్పటితో నాకు చొక్కా కుట్టింది. దుప్పటి నడిమి భాగం చిరిగింది, చుట్టూ గట్టిగా ఉంది. బడిలో ఒక కుర్రాడు అదే దుప్పటి తమ ఇంట్లో పక్క మీద ఉందన్నాడు. నిజమే. సైకిలు మీద దుప్పట్లు అమ్మే ఆయన మా వీధి మొత్తానికి అవే గళ్లు అమ్మి వెళ్లాడు. ఇంటికి వచ్చి చొక్కా విప్పి పడేశాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి కాలరు, ముంజేతి పట్టీలు విప్పి, తెల్ల పాప్లిన్‌తో కొత్తవి వేసింది. జేబు ఊడదీసి, గుడ్డను క్రాసులో పెట్టి మళ్లీ కోసింది. నిలువు గళ్ల మీద జేబు గళ్లు డైమండు ఆకారంలో నిలబడ్డాయి. మర్నాడు అదే చొక్కా తొడుక్కుని వెళ్లాను. దుప్పటి అన్నవాడే ఎక్కడ కుట్టించావని అడిగాడు. రెండేళ్లు నేను తొడుక్కుని, తరవాత మా తమ్ముడికి ఇచ్చాను.

అదే గుడ్డ. మారింది మూడు చోట్ల కత్తిరింపు. అది దుప్పటి నుంచి వచ్చిందన్న నిజాన్ని అమ్మ దాచలేదు. ఇది చొక్కాయే అని చెప్పే గుర్తులు మాత్రం అందులో పెట్టింది.

గుడ్డను చదవడం

కాబట్టి అసలు పని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మా వీధిలో కుట్టుపని చేసే ఒక అక్క పాత గుడ్డ చేతికి ఇస్తే టేపు ముట్టుకోదు. ముందు దాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తుంది. వెలుగు ఎక్కువ దూరే చోట గుడ్డ పలచబడినట్టు. దుప్పటిలో అది భుజాలు, నడుము ఆనే నడిమి భాగం. తెరలో ఎండ పడే మడతలు. పంచెలో కూర్చునే చోటు. ఆ చోట్ల చుట్టూ సుద్దతో గీత గీస్తుంది. తరవాత రెండు చేతులతో క్రాసుగా పట్టి ఒక్కసారి గట్టిగా లాగుతుంది. పడుగూ పేకా బలంగా ఉంటే గుడ్డ సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. నీరసించి ఉంటే అక్కడికక్కడే పిగిలిపోతుంది. అలా పిగిలితే కత్తెర పెట్టనే పెట్టదు. మసిగుడ్డకు పంపుతుంది.

తరవాత లెక్క. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు ఉన్న డబుల్ దుప్పటి అంటే, 44 అంగుళాల పన్నా ఉన్న కొత్త గుడ్డ సుమారు 5 మీటర్ల 20 సెంటీమీటర్లతో సమానం. గుడ్డంతా బాగుంటే అందులో పెద్దవాళ్లకు కుర్తా, పైజమా రెండూ దిగుతాయి. నడిమి భాగం పోతే ఒక కుర్తా, ఒక పసిపిల్ల గౌను. దుప్పటికి తలవైపు ఉండే వెడల్పు మడతను విప్పకుండా అలాగే కింది అంచుగా వాడితే ఒక హెమ్మింగ్ పని తప్పుతుంది. గుడ్డకు సహజంగా ఉన్న అంచు పిగలదు కాబట్టి దాన్ని పక్క కుట్టులోకి తెస్తే ఓవర్లాక్ అక్కరలేదు.

కుట్టేటప్పుడు పాత గుడ్డకు కొన్ని మర్యాదలున్నాయి. పలచటి పంచెకు 11 నంబరు సూది, దుప్పటికి 14, మందమైన తెరకు 16. టాకా మరీ చిన్నదైతే సూది రంధ్రాల వరస వెంబడి గుడ్డ కాగితంలా చిరుగుతుంది. కొంచెం పొడవు టాకా పెట్టాలి. చంక, కూర్చునే భాగం, జేబు మూలలు బలం పడే చోట్లు. అక్కడ పలచటి ముక్క రాకూడదు, తప్పనిసరైతే లోపల రెండో పొర వేయాలి. మరీ బిగుతు బట్ట కుట్టకూడదు. పాత గుడ్డ వదులుగా ఉంటేనే ఎక్కువ కాలం బతుకుతుంది. రంగు తేడా రాకుండా కత్తిరించకముందే ఒకసారి వేడినీళ్లలో ఉతికి ఆరేయాలి. పాతదైతే ముడుచుకునేదంతా ఎప్పుడో ముడుచుకుని ఉంటుంది. ఇది కొత్త గుడ్డకు లేని సుగుణం.

ఏ గుడ్డ దేనికి అన్నది అనుభవం చెబుతుంది. నేత దుప్పటి, పాప్లిన్ దుప్పటి చొక్కాలకు, కుర్తాలకు, నైటీలకు మంచివి. రాజస్థాన్ అచ్చుల దుప్పట్లు పిల్లల లంగాలకు ముద్దొస్తాయి. అయితే పెద్ద పువ్వు ఒంటి మీద పడితే ఎవరికైనా దుప్పటే గుర్తొస్తుంది. పెద్ద డిజైనును చిన్న ముక్కలుగా కోసి, సాదా గుడ్డ మధ్యలో పెట్టాలి. సోలాపూర్ దుప్పటి మందంగా ఉంటుంది, చొక్కాకు పనికిరాదు, చలికోటుకు బాగుంటుంది. ఆ ఊరి మగ్గాల మీద తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి కాబట్టి, ఆ దుప్పటి మనవాళ్ల చేతి పని కూడా. టర్కీ టవలు పిల్లలకు స్నానం తరవాత తొడిగే కోటు అవుతుంది. దాని పోగులు రాలతాయి కాబట్టి ప్రతి అంచునూ మూయాలి. పాలిస్టర్ తెరలు, వెనక రబ్బరు పూత ఉన్న తెరలు ఒంటికి వద్దు. గాలి ఆడదు, మన ఎండలకు అవి శిక్ష.

ఈ పనంతటికీ ఒక పాత మిషను చాలు. యంత్రాలంటే అనుమానంగా చూసిన గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషన్‌ను మినహాయించారు. మనిషి శ్రమను కబళించకుండా దానికి తోడుండే యంత్రమని ఆయన అభిప్రాయం. ఇంకో ఉపయోగం కూడా ఉంది. కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్లు మీటరు 200 రూపాయల గుడ్డ మీద చెయ్యి పెట్టడానికి భయపడతారు. పాత దుప్పటి మీద భయం ఉండదు. చంక తిరుగుడు, కాలరు, కాజాలు తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి అంతకంటే మంచి పలక లేదు.

లెక్కలు ఏం చెబుతాయి

పర్యావరణం మాట ఇప్పుడు ప్రతిచోటా వినిపిస్తుంది. దాన్ని కొంచెం నిదానంగా చూడాలి. కిలో నూలు బట్ట వెనక ప్రపంచ సగటున సుమారు 10,000 లీటర్ల నీరు ఉంటుందని లెక్క. మన దేశంలో ఏటా సుమారు 78 లక్షల టన్నుల బట్టల వ్యర్థం పోగవుతుందని 2022లో ఫ్యాషన్ ఫర్ గుడ్ సంస్థ అధ్యయనం చెప్పింది. బట్టల తయారీలో వాడే ముడిసరుకులో 1 శాతం కూడా మళ్లీ కొత్త బట్టగా మారడం లేదని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో తేల్చింది. బట్టను మరో 9 నెలలు ఎక్కువ వాడితే దాని కర్బనం, నీరు, వ్యర్థం భారం 20 నుంచి 30 శాతం తగ్గుతుందని బ్రిటన్‌లోని ర్యాప్ సంస్థ లెక్క కట్టింది.

ఈ అంకెలు చూసి పాత దుప్పటితో చొక్కా కుట్టగానే నీళ్లు మిగిల్చామనుకోవడం తొందరపాటు. ఆ దుప్పటికి ఖర్చయిన నీరు ఎప్పుడో ఖర్చయింది. మనం మిగిల్చేది కొనకుండా ఆగిన చొక్కా తాలూకు నీటిని. దుప్పటి చొక్కా కుట్టి, అది నచ్చక అల్మారాలో పెట్టి, ఇంకో చొక్కా కొంటే మిగిలింది ఏమీ లేదు, పైగా దారం, కరెంటు దండగ. మంచి దుప్పటిని ముచ్చటపడి కోసేసి, పక్క మీదికి మరొకటి కొన్నా అంతే. అందుకే కుట్టు బాగుండడం ఇక్కడ అందానికి మించిన సంగతి. తొడుక్కోబుద్ధేసేలా కుట్టినప్పుడే ఆ లెక్క నిజమవుతుంది.

డబ్బు లెక్క మరీ సున్నితం. ఇంట్లో మిషను, చేతిలో పని ఉన్నవాళ్లకు ఇది కచ్చితంగా పొదుపు. టైలరుకు ఇస్తే కుట్టుకూలి కొత్త గుడ్డకెంతో పాతదానికీ అంతే. సంతలో తయారుగా దొరికే చొక్కా అంతకంటే చవకగా వస్తుంది. చాలామంది టైలర్లు పాత గుడ్డ తీసుకోరు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. రేపు గుడ్డ నీరసంతో చిరిగినా మాట పడేది కుట్టినవాళ్లే. పాత గుడ్డ విప్పడానికి, చూడడానికి, అమర్చడానికి పట్టే సమయానికి కూలి కట్టే అలవాటు మనకు లేదు. ఈ పని మళ్లీ బతకాలంటే ఆ సమయానికి వెల కట్టడం మనం నేర్చుకోవాలి.

కోయవచ్చా, ఇవ్వవచ్చా

ఇటీవలి కాలంలో ఇంటి గుడ్డ ఖరీదైన దుకాణాలకు కూడా ఎక్కింది. న్యూయార్క్‌లో ఎమిలీ బోడ్ 2016లో మొదలుపెట్టిన సంస్థ పాత బొంతలు, బల్లగుడ్డలు, ధాన్యం సంచులతో మగవాళ్ల బట్టలు చేసి పేరు తెచ్చుకుంది. దాంతో బొంత కోట్లు వాడుకలోకి వచ్చాయి, వాదం కూడా వచ్చింది. వంద ఏళ్ల కిందట ఎవరో చేత్తో నెలల తరబడి కుట్టిన బొంతను కోటు కోసం కోయడం న్యాయమా అని బొంతలు కుట్టేవాళ్లు అడుగుతున్నారు. పెట్టెలో కుళ్లిపోవడం కంటే ఒంటి మీద ఉండడం మేలని రెండోవైపు అంటారు.

మన ఇళ్లలో ఇదే ప్రశ్న అమ్మ పట్టుచీర రూపంలో వస్తుంది. ధర్మవరం చీరనో గద్వాల చీరనో కోసి మనవరాలికి పరికిణీ కుట్టాలా, ఊరికే దాచాలా? అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన ఆడపిల్లలు అమ్మ చీరలతో గౌన్లు కుట్టించుకోవడం ఇప్పుడు మామూలైంది. దీనికీ ఆ వెలుగు పరీక్షే సమాధానమని నాకు తోస్తుంది. చీర ఇంకా చీరగా కట్టుకోదగ్గదైతే కోయవద్దు. మడతల్లో జరీ విరిగి, పట్టు పిగులుతుంటే ఇక ఆలస్యం చేయవద్దు. గట్టిగా ఉన్న కొంగు, అంచు పిల్ల ఒంటి మీద ఇంకో పదేళ్లు తిరుగుతాయి.

దానం విషయంలో కూడా ఆలోచించవలసింది ఉంది. అమెరికాలో 2008లో మొదలైన లిటిల్ డ్రెసెస్ ఫర్ ఆఫ్రికా లాంటి ప్రయత్నాల్లో స్వచ్ఛందంగా కుట్టేవాళ్లు దిండు గలీబులతో గౌన్లు కుట్టి దూరదేశాల ఆడపిల్లలకు పంపుతున్నారు. కుట్టే చేతుల మంచితనాన్ని తప్పుపట్టలేం. అయినా మనం పక్క మీద వద్దనుకున్నది మరొకరి పిల్లకు చాలనుకునే ముందు ఒకసారి ఆగాలి. మన ఊళ్లలో పెద్దిళ్ల పాత గుడ్డలు పనివాళ్లకు ఇచ్చిన చరిత్ర మనకు తెలుసు. తీసుకున్నవాళ్ల మనసు ఎవరూ అడగలేదు. 1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ దీనికి ఒక మంచి దారి చూపింది. పాత బట్టను ఊరికే ఇచ్చే బిచ్చంగా చూడకుండా, ఊరు తన కోసం చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఇవ్వడం దాని పద్ధతి. పాత నూలు గుడ్డను శుభ్రం చేసి నెలసరికి వాడే గుడ్డలుగా తయారుచేయడం కూడా అందులో భాగం. నా మట్టుకు కొలత ఒకటే: కుట్టినదాన్ని మన బిడ్డకు తొడగగలిగితేనే మరొకరి బిడ్డకు ఇవ్వాలి.

చివరిగా

ఇంతదాకా చూసిన కథలన్నీ పక్కపక్కన పెడితే ఒక వరస కనిపిస్తుంది. బెల్జియంలో, బ్రిటన్‌లో, తోహోకులో గుడ్డను పైకెక్కించింది లోటు. అమెరికాలో ఎక్కించింది లోటుతో చేయి కలిపిన వ్యాపారం. ఇవాళ ఎక్కిస్తున్నది మన ఇష్టం. లోటు ఉన్నప్పుడు కన్ను దానంతట అదే పదునెక్కింది. ఇష్టం మీద చేసేటప్పుడు ఆ పదును మనమే తెచ్చుకోవాలి. ఆనందుడు ముక్కలను వరిమళ్లలా పేర్చినప్పుడు, కాన్సస్ ఇల్లాలు సంచిగుడ్డతో గౌను కుట్టినప్పుడు, అమ్మ జేబును క్రాసులో కోసినప్పుడు జరిగిన పని ఒకటే. గుడ్డ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను అది ఎలా అమరిందన్న ప్రశ్న వెనక్కి నెట్టింది.

మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. ఈ ఆదివారం అల్మారా కింది అరలో మడతపెట్టి ఉన్న పాత దుప్పటి తీసి కిటికీకి ఎదురుగా పట్టండి. వెలుగు ఎక్కడ ఎక్కువ దూరుతుందో చూసి అక్కడ సుద్దతో గీయండి. పక్కన ఒక పిల్లను నిలబెట్టి, ఆ గీత ఎందుకో చెప్పండి. గీతకు లోపలిది మసిగుడ్డ, బయటిది చొక్కా. ఆ గీత గీయడం వచ్చిన పిల్ల చేతిలో ఏ గుడ్డా వృథాగా పోదు.